రాత్రి రైలా, పగటి రైలా? విహారయాత్రకు టికెట్ తీసే ముందు తేల్చుకునే పద్ధతి

మా అమ్మ పుట్టి పెరిగింది కొవ్వూరులో. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే ప్రతిసారీ ఆమెకు ఒకటే కోరిక, గోదావరి కనపడాలి. మేమేమో ఎప్పుడూ సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి దిగే రైలుకే టికెట్లు తీసేవాళ్లం. సెలవు కలిసొస్తుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది అని. ఒకసారి అమ్మ అర్ధరాత్రి దాటేదాకా నిద్రపోకుండా కిటికీ దగ్గరే కూర్చుంది. రైలు వంతెన ఎక్కిన చప్పుడు వినిపించింది. బయట చీకట్లో కమానుల నీడలు కదిలాయి. నీళ్లు మాత్రం కనపడలేదు. "ఇంతేనా" అని దుప్పటి కప్పుకుంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అప్పటి నుంచి ఏ ఊరికి వెళ్లాలన్నా, రాత్రి రైలా పగటి రైలా అన్నది తేల్చుకున్నాకే టికెట్ తీస్తున్నాను. పెళ్లికో, ఆఫీసు పనికో వెళ్లేటప్పుడు ఏ రైలు దొరికితే అది ఎక్కేస్తాం. విహారానికి వెళ్లేటప్పుడు ప్రయాణం కూడా యాత్రలో భాగమే కాబట్టి, ఓ అరగంట కూర్చుని ఈ లెక్క చూసుకోండి.

1. దారిని వేళలతో సహా కాగితం మీద రాయండి

రైలు బయల్దేరే సమయం, చేరే సమయం మాత్రమే చూసి ఇది పగటి రైలు, ఇది రాత్రి రైలు అని అనుకోకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. మీ దారిలో చూడదగ్గవి ఏమున్నాయో ముందు రాసుకోండి. నది కావచ్చు, ఘాట్ కావచ్చు, అడవి కావచ్చు. దానికి ముందు వచ్చే స్టేషన్, తర్వాత వచ్చే స్టేషన్ పేర్లు రాసి, రైలు ఆ రెండు చోట్ల ఏ వేళకు ఉంటుందో టైమ్‌టేబుల్ నుంచి పక్కన వేయండి. ఆ కింద మీరు వెళ్లే నెలలో సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో, ఎప్పుడు అస్తమిస్తాడో రాయండి. డిసెంబరులో హైదరాబాద్‌లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, విశాఖలో ఇంకాస్త ముందే. జూన్‌లో దాదాపు ఏడింటిదాకా వెలుగు ఉంటుంది. ఒకే రైలు ఎండాకాలంలో పగటి రైలు, చలికాలంలో సగం రాత్రి రైలు అవుతుంది.

సికింద్రాబాద్–విశాఖ దారినే తీసుకుందాం. సుమారు 700 కిలోమీటర్లు. 2023 సంక్రాంతి రోజు మొదలైన వందే భారత్ సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి బయల్దేరుతుంది. పేరుకు పగటి రైలే. కానీ రాజమండ్రి చేరేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది. గోదావరి కోసం ఆ రైలు ఎక్కితే మా అమ్మకు ఎదురైనదే మీకూ ఎదురవుతుంది. అదే రైలు విశాఖలో ఉదయం ఆరు కాకముందే బయల్దేరి వచ్చేటప్పుడు ఎనిమిది ప్రాంతంలో గోదావరి దాటుతుంది. ఆ వేళకు నది మీద ఎండ ఇంకా మెత్తగానే ఉంటుంది. వెళ్లేటప్పుడే చూడాలనుకుంటే 2024 మార్చిలో మొదలైన రెండో వందే భారత్ ఉంది. తెల్లవారుజామున ఐదింటికి సికింద్రాబాద్‌లో బయల్దేరుతుంది, గోదావరి పట్టపగలే వస్తుంది.

గోవా వెళ్లే తెలుగువాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కర్ణాటక సరిహద్దులో క్యాజిల్ రాక్ నుంచి కులేం దాకా రైలు పడమటి కనుమలు దిగుతుంది. దూద్‌సాగర్ జలపాతం ఆ మధ్యలోనే ఉంది. సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామా వెళ్లే రైలు పొద్దున ఎక్కుతాం కాబట్టి అంతా కనపడుతుందనిపిస్తుంది. అసలు చూడాల్సిన ఆ ఘాట్ మాత్రం తెల్లవారకముందే దాటిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఉదయం వాస్కోలో ఎక్కితే జలపాతం పగలే వస్తుంది. కాబట్టి అలాంటి దారిలో వెళ్లేటప్పుడు నిశ్చింతగా పడుకోండి, వచ్చేటప్పుడు కిటికీ సీటు కోసం పట్టుబట్టండి.

ఇక అరకు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైళ్లు పగలూ ఉన్నాయి, రాత్రీ ఉన్నాయి. రెండూ ఒకే పట్టాల మీద నడుస్తాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో వేసిన లైను ఇది. యాభైకి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు, ఆ మధ్య మధ్య లోయలు. ఉదయం ఏడు లోపు విశాఖలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌లో నాలుగు గంటలు కూర్చుంటే ఇవన్నీ చూస్తారు. రాత్రి రైలు ఎక్కితే ఇవేవీ చూడకుండా అర్ధరాత్రి వేళ అరకు స్టేషన్‌లో చలికి వణుకుతూ దిగుతారు. ఇక్కడ ఆలోచించేదేమీ లేదు, పగటి రైలే ఎక్కండి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పగటి రైలే కదా అని ఎక్కేయకండి. అది అరకులో బయల్దేరేది మధ్యాహ్నం గడిచాకే. చలికాలంలో ఘాట్ సగం దిగేసరికి చీకటి పడిపోతుంది. వెళ్లడానికి రైలు, రావడానికి అనంతగిరి మీదుగా బస్సో కారో పెట్టుకుంటే రెండు దారులూ వెలుగులో చూడవచ్చు.

అరకు రైలుకు 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ జత చేశారు. సీట్లను ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. పిల్లలకు బాగా నచ్చుతుంది. నన్ను అడిగితే మాత్రం కిటికీ తెరుచుకునే మామూలు బోగీనే మేలంటాను. సొరంగంలోకి వెళ్లగానే తగిలే చల్లగాలి, బయటికి రాగానే వచ్చే తడి మట్టి వాసన ఏసీ అద్దాల లోపలికి రావు.

మీ దారిలో అలా రాసుకోవాల్సింది ఏమీ లేకపోతే, అంటే చూసిన పొలాలే, చూసిన ఊళ్లే అయితే, సందేహం లేకుండా రాత్రి రైలు ఎక్కండి. పగలంతా సీట్లో కూర్చుని ఒళ్లు హూనం చేసుకోవడం దేనికి?

2. దిగే వేళను చూడండి

రాత్రి రైలుతో అసలు చిక్కు నిద్ర కాదు, దిగాక మొదలవుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకు దిగుతారు. హోటల్ గది పన్నెండింటికి గానీ ఇవ్వరు. ఆ ఆరేడు గంటలు సామాన్లతో, పిల్లలతో, స్నానం లేకుండా ఎలా గడపాలో ముందే ఆలోచించుకోవాలి. పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు ఉంటాయి, పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు. విహారయాత్రకు ఇంతకన్నా పనికొచ్చే సదుపాయం లేదని నా అభిప్రాయం. అది దొరక్కపోతే క్లోక్‌రూమ్‌లో సామాన్లు పెట్టేసి తిరగవచ్చు. తాళం వేయని సంచులు మాత్రం అక్కడ తీసుకోరు, చిన్న తాళాలు రెండు వెంట ఉంచుకోండి.

రాత్రి పన్నెండుకూ నాలుగుకూ మధ్య దింపే రైలును విహారయాత్రకు ఎంచుకోకండి. నిద్రా ఉండదు, దిగాక దారీ ఉండదు. మన రాష్ట్రాల మధ్యలో ఉన్న ఊళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. హైదరాబాద్ నుంచి విశాఖకు హాయిగా ఉండే రాత్రి రైలే, రాజమండ్రిలో దిగేవాళ్లకు అర్ధరాత్రి దాటాక నిద్ర చెడగొడుతుంది.

తిరుపతికి ఈ లెక్క ఇంకోలా ఉంటుంది. సాయంత్రం సికింద్రాబాద్ వైపు నుంచి వెళ్లే నారాయణాద్రి తెల్లవారేసరికి తిరుపతిలో దింపుతుంది. అదే రోజు మధ్యాహ్నానికో సాయంత్రానికో దర్శనం స్లాట్ ఉంటే అది చక్కగా సరిపోతుంది. పొద్దున బయల్దేరే వందే భారత్ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో చేరుతుంది. మర్నాడు పొద్దున స్లాట్ ఉన్నవాళ్లకు, కొండ మీద గది దొరికినవాళ్లకు అది మేలు. అంటే ముందు దర్శనం టికెట్, ఆ తర్వాతే రైలు టికెట్. తలకిందులుగా చేస్తే టెన్షన్ తప్పదు.

ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కే పని ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలు వదలండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే విశాఖలో దింపుతుంది కదా, వెంటనే అరకు రైలు ఎక్కేద్దాం అనుకునేవాళ్లు చాలామంది. కాగితం మీద ఓ గంట తేడా కనపడుతుంది. మొదటి రైలు ఆ గంట ఆలస్యమైతే రెండో టికెట్ పోతుంది, విస్టాడోమ్‌లో మళ్లీ ఆ వారమంతా సీటు దొరక్కపోవచ్చు. ఒక రోజు విశాఖలో ఉండి, సముద్రం చూసి, మర్నాడు అరకు వెళ్లండి.

3. ఎవరెవరు వస్తున్నారో చూడండి

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కింది బెర్త్ ఖాయమయ్యాకే రాత్రి రైలు గురించి ఆలోచించండి. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది. చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఆ కోటా ఒకరిద్దరు పెద్దవాళ్లు మాత్రమే ఉన్న టికెట్‌కే వర్తిస్తుంది. ఆరుగురి టికెట్‌లో అమ్మానాన్నల పేర్లు కలిపేస్తే కంప్యూటర్ వాళ్లను ప్రత్యేకంగా చూడదు. కాబట్టి వాళ్లిద్దరికీ విడిగా టికెట్ తీయండి. బోగీ వేరైనా పరవాలేదు, ఎక్కాక ఎవరినైనా అడిగి సర్దుకోవచ్చు. పై బెర్త్ వచ్చిన పెద్దవాళ్లను కిందికి మార్చమని అడగడం కన్నా అది ఎంతో సులువు.

రాత్రి రెండు మూడు సార్లు బాత్రూమ్‌కు లేచేవాళ్లకు, ఊగే రైల్లో చీకట్లో నడవడానికి భయపడేవాళ్లకు పగటి రైలే క్షేమం. షుగర్ ఉన్నవాళ్లకు భోజనం వేళ తప్పకూడదు, అదీ గుర్తుంచుకోండి.

పిల్లల విషయంలో చార్జీల లెక్క కూడా ఉంది. ఐదేళ్ల లోపు వాళ్లకు సీటు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు స్లీపర్లో, థర్డ్ ఏసీలో విడిగా బెర్త్ వద్దంటే సగం చార్జీయే. చైర్‌కార్‌లో, సెకండ్ సిట్టింగ్‌లో ఆ వీలు లేదు, పూర్తి చార్జీ కట్టాలి. అమ్మ పక్కన సర్దుకుని పడుకునే ఏడేళ్ల పిల్లకు రాత్రి రైలు కలిసొస్తుంది. పదేళ్లు దాటితే మాత్రం ఒక బెర్త్ మీద ఇద్దరికీ నిద్రపట్టదు, పూర్తి టికెట్ తీసేయండి.

ఇంకో మాట. మీకు రైల్లో నిద్ర పడుతుందా? నిజాయితీగా చెప్పుకోండి. పక్కవాళ్ల గురకకు, స్టేషన్లో చాయ్ కేకలకు లేచి కూర్చునేవాళ్లయితే రాత్రి రైలు వల్ల మీకు ఒక రోజు కలిసిరాదు. మర్నాడు కళ్లు మండుతూ తిరిగే రోజును సెలవు అనలేం.

4. డబ్బు లెక్క

ఇది చిన్న లెక్కే. రాత్రి రైలు చార్జీలోంచి మీరు ఇచ్చే ఒక రాత్రి హోటల్ అద్దె తీసేయండి. వచ్చినదాన్ని పగటి రైలు చార్జీతో పోల్చండి. ఒక్కరో ఇద్దరో వెళ్తే రాత్రి రైలు బాగా కలిసొస్తుంది. నలుగురు ఒకే గదిలో ఉండే కుటుంబానికి తేడా అంతగా ఉండదు. దిగాక రిటైరింగ్ రూమ్ తీసుకుంటే దాని అద్దె కూడా కలపండి. పోల్చేటప్పుడు స్లీపర్‌ను సెకండ్ సిట్టింగ్‌తో, థర్డ్ ఏసీని చైర్‌కార్‌తో పోల్చాలి.

5. టికెట్ తీయడం

2024 నవంబరు నుంచి రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు, ఉదయం ఎనిమిదింటికి. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ఆ రోజు ఆ వేళకే సిద్ధంగా ఉండండి. తత్కాల్ అయితే ముందురోజు ఏసీకి పదింటికి, మిగతావాటికి పదకొండింటికి. ఇప్పుడు దానికి ఆధార్‌తో కలిపిన ఐఆర్‌సీటీసీ ఖాతా ఉండాలి, అది ముందే చేసిపెట్టుకోండి.

రాత్రి రైలుకు ఆర్‌ఏసీ వస్తే సంబరపడకండి. రైలు ఎక్కనిస్తారు గానీ, బెర్త్ ఖాళీ అయ్యేదాకా ఒక సైడ్ లోయర్‌ను ఇద్దరు పంచుకోవాలి. తెల్లవార్లూ కూర్చోవాల్సి రావచ్చు. రాత్రి రైలు ఆర్‌ఏసీలో, పగటి రైలు ఖాయంగా దొరుకుతుంటే పగటి రైలే తీసుకోండి.

బెర్త్ నంబర్లు అర్థం చేసుకోవడం సులువు. మామూలు స్లీపర్, థర్డ్ ఏసీ బోగీల్లో ఎనిమిదేసి బెర్తులు ఒక జట్టు. 1, 4 లోయర్. 2, 5 మిడిల్. 3, 6 అప్పర్. 7 సైడ్ లోయర్, 8 సైడ్ అప్పర్. ఆ తర్వాత మళ్లీ 9 నుంచి అదే వరస. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది తలుపులకూ బాత్రూములకూ దగ్గర, రాత్రంతా చప్పుడు, వెలుతురు. పొడుగు మనుషులకు సైడ్ బెర్తులు చాలవు, కాళ్లు ముడుచుకోవాలి. పగలు ఒక్కరే కూర్చుని బయటికి చూడాలంటే మాత్రం సైడ్ లోయర్‌ను మించిన చోటు లేదు.

ఇప్పుడు తేదీ. దీన్ని రెండుసార్లు చదవండి. రాత్రి పన్నెండు దాటాక వచ్చే రైలుకు తేదీ మారిపోతుంది. నేను ఒకసారి విజయవాడలో శనివారం రాత్రి పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు ఎక్కాలని శనివారం తేదీకే టికెట్ తీశాను. ఆ రైలు శుక్రవారం రాత్రి గడిచీగడవగానే వెళ్లిపోయింది. పిల్లలతో ప్లాట్‌ఫామ్ మీద తెల్లవార్లూ కూర్చున్నాం. శనివారం రాత్రి భోంచేసి ఎక్కే అర్ధరాత్రి రైలుకు ఆదివారం తేదీ వేయాలి.

వందే భారత్‌లలో చాలావాటికి వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది. మీ తిరుగు ప్రయాణం ఆ రోజు పడకుండా చూసుకోండి.

6. రెంటినీ కలపండి

రానూపోనూ ఒకే రకం రైలు ఎక్కాలన్న నియమం ఏమీ లేదు. మా ఇంట్లో ఇప్పుడు విశాఖకు ఇలా వెళ్తున్నాం. శుక్రవారం సాయంత్రం ఐదు ప్రాంతంలో బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్. ఆఫీసు నుంచి కొంచెం ముందు బయటపడితే చాలు. శనివారం పొద్దున్నే విశాఖ. తిరిగి వచ్చేటప్పుడు పొద్దున వందే భారత్. మధ్యాహ్నం రెండు దాటాక సికింద్రాబాద్‌లో దిగితే, బట్టలు ఉతుక్కోవడానికి, పిల్లల పుస్తకాలు సర్దడానికి, రాత్రి కంటినిండా నిద్రపోవడానికి వేళ ఉంటుంది. తెల్లవారుజామున రైలు దిగి తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోవడం ముప్పైల్లో చేశాం, ఇప్పుడు చేయలేం.

మీ సెలవు ఎక్కువైతే, పిల్లలకు దారంతా చూపించాలని ఉంటే, వెళ్లేటప్పుడే పగలు వెళ్లండి. వాళ్ల ఉత్సాహం మొదటి రోజు ఉన్నంతగా చివరి రోజు ఉండదు.

7. ఎక్కే రోజు

రాత్రి రైలైతే ఇంట్లోనే పులిహోర, పెరుగన్నం కట్టుకుని తొమ్మిదింటికల్లా తినేయండి. మిడిల్ బెర్త్ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకానే వేసుకోవాలన్నది నియమం. అంతకన్నా ముందే నడుం వాల్చాల్సిన పెద్దవాళ్లుంటే ఎదుటివాళ్లకు ఎక్కగానే చెప్పండి, కాదనేవాళ్లు అరుదు. స్లీపర్లో దుప్పటి, దిండు మీరే తీసుకెళ్లాలి. ఏసీలో ఇస్తారు. పెట్టెను బెర్త్ కింద ఉన్న కొక్కేనికి గొలుసుతో కట్టేయండి. ఫోను, డబ్బులు, మందులు తల దగ్గర చిన్న సంచిలో ఉండాలి. తెల్లవారకముందు దిగాలంటే ఫోన్లో అలారం పెట్టుకుని, 139కి ఫోన్ చేసి డెస్టినేషన్ అలర్ట్ కూడా పెట్టుకోండి.

పగటి రైలైతే ఎండ ఎటు వస్తుందో చూసి సీటు ఎంచుకోండి. విశాఖ నుంచి పొద్దున బయల్దేరితే విజయవాడ దాకా ఎండ ఎడమ వైపు కిటికీల మీద పడుతుంది. కుడి వైపు నీడ. గంటకోసారి లేచి బోగీ చివరిదాకా నడిచి రండి, కాళ్ల వాపు రాదు. పిల్లలకు ఫోన్ ఇచ్చి ఊరుకోకుండా, కాగితం మీద రాసుకున్న స్టేషన్ల పేర్లు వాళ్ల చేతికివ్వండి. సామర్లకోట, ద్వారపూడి, రాజమండ్రి అని ఒక్కోటి కొట్టేసుకుంటూ వస్తారు.

రాజమండ్రిలో రైలు కదలగానే చెప్పులు వేసుకోవడం, టిఫిన్ డబ్బాలు మూయడం అన్నీ ఆపేసి కిటికీ వైపు తిరగండి. ఊరు దాటిందంటే వంతెనే. దాటడానికి పట్టేది కొన్ని నిమిషాలు. పోయిన డిసెంబరులో మా అమ్మ ఆ కాసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. అవతలి ఒడ్డున కొవ్వూరు స్టేషన్ బోర్డు కనపడ్డాక మా పాపను దగ్గరికి పిలిచి, తాను బట్టలు ఉతికిన రేవు ఎటువైపో చూపించింది.